గుట్ట మీది ఇనుప మూకుడు

జర్మనీ దేశంలో ఒక ఊరి వెనక గుట్ట, గుట్ట నెత్తిన ఒక పాత దేవదారు చెట్టు, ఆ చెట్టు చిటారు కొమ్మన ఒక కాకి కాపురం. చుట్టుపక్కల అంతకంటే ఎత్తయిన ఇల్లు ఏ పిట్టకూ లేదు. అయినా కాకి కంటికి కునుకు లేదు. కారణం, కింద ఊళ్ళో ఉన్న కొంగ.

కొంగ గూడు కట్టిన ఇంటికి కలిసొస్తుందని ఆ ఊరివాళ్ళ నమ్మకం. అందుకని ఒక రైతు పాత బండిచక్రం తెచ్చి తన ఇంటి కప్పు మీద బిగించాడు. కొంగ ఏటా చలి మొదలవకముందే దక్షిణాదికి చెక్కేసి, మంచు కరిగాక తీరిగ్గా వచ్చి ఆ చక్రం మీద కాపురం పెట్టేది. అది చూసినప్పుడల్లా కాకి కళ్ళలో నిప్పులు పోసుకునేది. మంచులో, ఈదురుగాలిలో ఊరిని విడవకుండా పడి ఉన్నది తను, మర్యాదలన్నీ ఆ చుట్టపుచూపు దానికా? ఈ మాటే మొగుడి చెవిలో ఇల్లు కట్టుకుని పోరేది.

అలాంటి రోజుల్లో గుట్ట మీదికి రాళ్ళబళ్ళు రావడం మొదలైంది. ముక్కచెక్కలుగా ఉన్న రాజ్యాలను కలిపి ఒక్క దేశం చేసిన బిస్మార్క్ అనే మంత్రి కాలం చేశాడు. ఆయన పేరున ఎన్నో ఊళ్ళలో గుట్టల మీద బురుజులు లేస్తున్నాయి. పక్క ఊరివాళ్ళు నూరు మెట్ల బురుజు కట్టారని తెలిశాక ఈ ఊరి పెద్దలకు తిండి సహించలేదు. తాడిని తన్నేవాడుంటే వాడి తలదన్నేవాడుంటాడని నూటపాతిక మెట్లు కట్టించారు. మంత్రి మీద భక్తి ఎంతో గానీ, పొరుగూరి మీద మంట అంతకు రెట్టింపు. బురుజు దేవదారును దాటిపోయింది. దాని నెత్తిన ఒక లోతైన ఇనుప మూకుడు కూర్చోబెట్టారు.

తన ఇల్లు పొట్టిదైపోయిందని కాకి కుమిలిపోతుండగా చెట్టు కిందికి నక్క వచ్చింది. నక్కకు కాకితో పాత పేచీ. అది బొరియలోంచి తల బయట పెడితే చాలు, కాకి పైనుంచి గోల చేసేది, కుందేళ్ళు పారిపోయేవి. కాకి ఆ కొమ్మ దిగితే తప్ప నక్క కడుపు నిండదు.

"వదినా, ఆ పైన పెట్టింది ఏమిటో తెలుసా?" అంది నక్క.

"మంత్రిగారి పుట్టినరోజుకని మేస్త్రీలు అనుకుంటుంటే విన్నాను."

"చచ్చిపోయినవాడికి తద్దినం పెడతారు గానీ పుట్టినరోజు చేస్తారటమ్మా? పుట్టబోయేవాళ్ళకే చేస్తారు. కొంగకు ఒక్క రైతు చక్రం ఇచ్చాడు. నీ పిల్లలకు ఊరు ఊరంతా కలిసి గూడే కట్టింది."

కాకి ఆ మాటలో తప్పు వెతకలేదు. ఇన్నేళ్ళుగా తనకు రావాల్సింది ఇప్పటికి వచ్చిందనుకుంది. ఆ రాళ్ళన్నీ లాగిన ముసలి ఎద్దు గుట్ట వాలులో మేస్తుంటే దాని దగ్గరికి వెళ్ళి గొప్పలు చెప్పుకుంది.

ఎద్దు నెమరు ఆపింది. "అమ్మాయ్, నిన్న నా బండికి ఎత్తింది తారు పీపాలు. గూటికి తారెందుకు? ఇనుములో గుడ్లు పెట్టిన పిట్టను నేనెక్కడా చూడలేదు."

"రాళ్ళు లాగి నీ మెడ కాయలు కాసింది, ఇల్లేమో నాకొచ్చింది. నీకు కడుపుమంటగా ఉండదా మామా?" అంది కాకి.

ఎద్దు మళ్ళీ గడ్డిలో మూతి పెట్టింది.

ఇనుము చల్లగా ఉంటుందని మొగుడు నసిగితే, కొంగ మొగుడు ఇలా అడ్డుపడడని కాకి నోరు మూయించింది. ఎండుపుల్లలు, దేవదారు ఆకులు, గొర్రె బొచ్చు తెచ్చి మూకుడు నింపి, మూడు గుడ్లు పెట్టింది. అందులో కూర్చుంటే ఆకాశం తప్ప మరేమీ కనపడదు. కింద నక్క హాయిగా కుందేళ్ళను తింటోంది. కాకికి అదేమీ పట్టలేదు. కొంగ ఇంకా వచ్చి చూడలేదన్నదొక్కటే దాని బాధ.

మంత్రి పుట్టినరోజు రానే వచ్చింది. పొద్దు గూకుతుండగా ఊరంతా బాజాలతో గుట్ట ఎక్కుతోంది. తన కోసం ఇంతమంది వస్తుంటే కొంగ చూడకపోతే ఎలా? గుడ్లను వదిలి కాకి రివ్వున రైతు ఇంటి కప్పు మీద వాలింది.

"ఒక్కసారి తల తిప్పి మా ఇల్లు చూడు," అంది.

సరిగ్గా అప్పుడే బురుజు మీద ఇద్దరు మనుషులు నిచ్చెన వేసి, మసక వెలుతురులో మూకుట్లోకి తారు పోస్తున్నారు. ఎవరో పుణ్యాత్ములు ఎండుపుల్లలు ముందే పేర్చి పెట్టారని మెచ్చుకుంటూ కాగడా అంటించారు. ఏటా ఈ రోజున ఆ మహానుభావుడి పేర గుట్ట మీద మంట వెయ్యాలన్నది వాళ్ళ ఏర్పాటు.

కొంగ తల తిప్పి చూసింది. దానికి కల్లాకపటం తెలియదు.

"నిజమేనమ్మా," అంది. "ఇంత వెలుగు ఈ ఊళ్ళో ఏ ఇంటికీ లేదు."

కాకి గిర్రున వెనక్కి తిరిగేసరికి, మూడు గుడ్లున్న మూకుడు భగభగ మండుతోంది.

నీతి: అసూయపడే కళ్ళకు పొయ్యి కూడా గూడులాగే కనిపిస్తుంది.