రాజనడక నేర్పిన నక్క మాస్టారు

మా వాగొడ్డు బడిలో లెక్కలు గుడ్లగూబ చెప్తుంది, డ్రిల్లు కోతి చేయిస్తుంది, నాటకం నేను నేర్పుతాను. నేనంటే తోకలింగం, నక్కని. మాస్టారూ అని పిలిస్తే ఇంకా బాగుంటుంది. ఈ ఉద్యోగం నాకు ఊరికే రాలేదు. కోళ్ళ జోలికి పోనని హెడ్మాస్టరు ఎద్దు నందయ్యగారి ఎదుట, తల్లిదండ్రుల సంఘం అధ్యక్షురాలు ఎర్రకోడి వరహాలమ్మగారి ఎదుట నా తోక మీద ఒట్టేశాను. ఒట్టు తప్పిన రోజున ఉద్యోగం ఊడినట్టే. ఇక నటనంటారా, నా అంతటివాడు ఈ చుట్టుపక్కల లేడని అప్పట్లో నా నమ్మకం. ఆ మాట ఎవరూ అనలేదు. నేనే అనుకున్నాను, నేనే ఒప్పుకున్నాను.

వార్షికోత్సవానికి "చెరువు తవ్వించిన రాజు" అనే నాటకం పిల్లల చేత వేయిస్తున్నాను. రాజు వేషం గాడిద పిల్లాడు గంగులుది. ఆ గొంతు ఆఖరి వరసకి కూడా వినపడుతుంది మరి. మేకపిల్లలు భటులు. తెర లాగే పని తాబేలు డిప్పయ్యది. ప్రేక్షకులకి వీపు చూపించొద్దని, ఎదుటివాడి మాట అయ్యేదాకా ఆగమని, కంగారులో మాట చివర మింగెయ్యొద్దని రోజూ చెప్పేవాణ్ణి. పిల్లలు బుద్ధిగా నేర్చుకునేవారు. అంతవరకూ నేను మంచి మాస్టారినే, ఆ మాత్రం చెప్పుకోనివ్వండి.

రిహార్సల్స్ మొదలైన రెండో రోజు పొద్దున్నే పాడుబుద్ధి పుట్టింది. వరహాలమ్మగారి గూటి చుట్టూ ఉన్న కంచె దూకబోయాను. కోడి ఈక కూడా దొరకలేదు గానీ ఎడమ వెనక కాల్లో తుమ్మముల్లు దిగింది. కుంటుకుంటూ బడికొచ్చి పడ్డాను.

"మాస్టారూ, అలా నడుస్తున్నారేంటండీ?" అన్నాడు గంగులు.

"ఎలా?"

"అదేనండీ, ఒక కాలు ఈడుస్తూ."

నిజం చెప్తే ఉద్యోగం పోతుంది. ఏదో బెణికిందంటే సరిపోయేది. కానీ నా నోరు ఊరుకుంటే కదా!

"ఓరి పిచ్చివాడా, దీన్ని రాజనడక అంటారు! స్టేజీ మీద రాజులు ఇలాగే నడుస్తారు. రెండడుగులు వెయ్యాలి, ఎడమ కాలు ఈడ్వాలి, అప్పుడు డైలాగు చెప్పాలి."

"మరి మేమో?" అన్నారు మేకపిల్లలు.

"రాజు ఎలా నడిస్తే భటులూ అలాగే. రాజభక్తి అంటే అదేనర్రా!"

నాలుగో రోజుకి ముల్లు దానంతటదే ఊడిపోయింది. నా నడక బాగుపడింది. పిల్లలది మాత్రం అలాగే ఉండిపోయింది. రాజు, మంత్రి, భటులు, చెరువు తవ్వే కూలీలు, అందరిదీ అదే ఈడ్పు. ఆపండర్రా అందామనుకున్నాను. ఎందుకండీ అని అడిగితే ఏం చెప్పను? అందుకని "భేష్! భేష్!" అంటూ కూర్చున్నాను. సిగ్గులేని జన్మ నాది.

డిప్పయ్య ఊరుకోలేదు. నోట్లో తాడు వదిలేసి, "మాస్టారూ, ఈ రాజ్యంలో అందరికీ ఒకే కాలు నొప్పేంటండీ?" అన్నాడు.

"నడక గురించి నువ్వా మాట్లాడేది? ఈ మూల నుంచి ఆ మూలకి పోవడానికి పూట పడుతుంది నీకు!"

"మెల్లిగానే నడుస్తానండీ. కానీ నాలుగు కాళ్ళతోనూ నడుస్తాను."

పిల్లలు కిసుక్కున నవ్వారు. నాకు ఒళ్ళు మండిపోయింది. తాడు పట్టుకుని నోరు మూసుకోమన్నాను.

వార్షికోత్సవం సాయంత్రం ముఖ్య అతిథి ఎవరో చూద్దామని తెర పక్కనుంచి తొంగి చూశాను. నందయ్యగారు దండ పట్టుకుని ఎదురెళ్తున్నారు. వస్తున్నది అడవి రాణి సింహాద్రమ్మగారు! వేటగాళ్ళ గోతిలో పడ్డప్పటినుంచీ ఆవిడ ఎడమ వెనక కాలు ఈడుస్తూ నడుస్తారు. ఆ కాలు చూసి నవ్విన తోడేలు మళ్ళీ ఎవరికీ కనపడలేదు. నక్కలకి చెమట పట్టదంటారు. నాకు పట్టింది.

ఒక్క పరుగున వెనక్కి వెళ్ళాను. "ఒరేయ్ గంగులూ, ఇవాళ రాజనడక వద్దు! అందరూ మామూలుగా నడవండి!"

"ఎందుకండీ?"

"ఎందుకేంటి? మాస్టారు చెప్తే వినాలంతే!"

తెర లేచింది. గంగులు నిటారుగా నడిచొచ్చి నిలబడ్డాడు. నోరు తెరిచాడు. మాట రాలేదు. పాపం, వాడు డైలాగులన్నీ ఆ ఈడ్పుతో కలిపి నేర్చుకున్నాడు. ఈడ్పు తీసేసేసరికి మాట కూడా పోయింది. ముందు వరసలో వాళ్ళమ్మ చెవులు నిక్కబొడుచుకుని కూర్చుని ఉంది. వాడి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నాకేసి చూశాడు.

దొంగనే కావచ్చు గానీ ఆ చూపు తట్టుకోలేకపోయాను. "కుంటరా నాయనా, కుంటు!" అన్నాను. గుసగుసగానే అన్నాననుకున్నాను. ఆఖరి వరసకి వినపడేలా మాట్లాడ్డం నేర్పేవాణ్ణి కదా, ఆఖరి వరసకీ వినపడింది.

వాడు కాలు ఈడ్చాడు. "ప్రజలారా! మీ దాహం నా దాహం!" అని గొంతెత్తాడు. అబ్బ, ఏం చెప్పాడండీ! వాడి వెనకే మంత్రి, భటులు, కూలీలు, అందరూ ఎడమ కాలు ఈడ్చుకుంటూ బిలబిలా వచ్చేశారు.

సింహాద్రమ్మగారు లేచి నిలబడ్డారు. "ఎవరిదీ వెక్కిరింత?"

నేను స్టేజీ మీదకి దూకి చేతులు జోడించాను. "వెక్కిరింత కాదు తల్లీ, భక్తి! తమ నడకే అసలైన రాజనడకని దగ్గరుండి నేర్పాను."

"నా నడక అంత శ్రద్ధగా గమనించావా?"

"చిత్తం!"

"అయితే నడిచి చూపించు."

నక్క తెలివి, నక్క తెలివి అంటారే, అది అప్పుడెక్కడికి పోయిందో! ఠీవిగా రెండడుగులు వేసి, కుడి కాలు ఈడ్చాను.

"ఎడమ కాలు మాస్టారూ, ఎడమ కాలు!" అని పిల్లలంతా ఒక్కసారి అందించారు.

"పిల్లలకి వచ్చింది మాస్టారికి రాదేం?" అన్నారు సింహాద్రమ్మగారు.

"మొదట్లో బాగా వచ్చేదండీ," అన్నాడు గంగులు నన్ను కాపాడదామని. "రెండు రోజులు అచ్చంగా నడిచారు. తర్వాతే మర్చిపోయారు."

"మర్చిపోలేదండీ, ముల్లు ఊడింది," అన్నాడు డిప్పయ్య. "తెర కింద నాకు దొరికింది. ఇంత పొడుగు తుమ్మముల్లు."

వరహాలమ్మగారు రెక్కలు టపటపలాడించారు. "తుమ్మముల్లా? ఈ చుట్టుపక్కల తుమ్మకంప వేసింది మా గూటి చుట్టూనే గదా!"

నందయ్యగారు నిట్టూర్చారు. ఎద్దు నిట్టూరిస్తే ఎంతసేపు నిట్టూరుస్తుందో మీకు తెలీదు. ఇక దాచి లాభం లేక ముల్లు సంగతి, రాజనడక సంగతి అంతా ఒప్పుకున్నాను. అలవాటు లేని పని కదా, రెండు మూడు చోట్ల తడబడ్డాను.

"ఆయన్ని పంపెయ్యకండి," అన్నాడు గంగులు. "నా గొంతు విని అందరూ చెవులు మూసుకునేవారు. దీనికి స్టేజీ కావాల్రా అన్నది ఈయనొక్కరే." నాకు తల ఎత్తబుద్ధి కాలేదు.

సింహాద్రమ్మగారు వరహాలమ్మగారి వైపు తిరిగారు. "నేరం మీ ఇంటి మీద జరిగింది. శిక్ష మీరే చెప్పండి."

"ఉద్యోగం ఉండనివ్వండమ్మా. కానీ వచ్చే నాటకంలో కోడిపెట్ట వేషం ఈయనదే. నేర్పేది నేను."

రెండు నెలలుగా రోజూ సాయంత్రం మోకాళ్ళు వంచి, మెడ ఆడించుకుంటూ, మట్టి గీకుతూ నడుస్తున్నాను. నా శిష్యులంతా చుట్టూ కూర్చుని చూస్తారు. నిన్న గుడ్లు పొదిగే ఘట్టం చేశాను. ప్రాణం పెట్టి చేశాననుకున్నాను.

వరహాలమ్మగారు నా ముఖంలోకి తేరిపార చూసి, "కూర్చోవడం కుదిరింది మాస్టారూ," అన్నారు. "కానీ ఆ కళ్ళలో తల్లి కనపడ్డంలేదు, ఆకలి కనపడుతోంది. మళ్ళీ మొదటినుంచి!"

నీతి: గురువు దాచుకున్న తప్పునే శిష్యులు అన్నిటికంటే బాగా నేర్చుకుంటారు.