తడిక కంతలో ఎండ

ఈ కథను నాకు మొదట చెప్పినది తుపాకుల చెంచమ్మ. కథలోని సుబ్బరత్నమ్మ గుడిసెకూ ఆమె గుడిసెకూ నడుమ ఒక్క కంపకంచె మాత్రమే ఉండేది కాబట్టి ఆమె మాటకు విలువ ఉంది. ఈ మధ్య కొందరు మైకు పట్టుకుని ఇదే కథ చెబుతూ, పోలయ్య గురువు తొట్టిలో ఉంచినది నాగుపాము అంటున్నారు. నాగుపాము కాదు, రక్తపింజర. నాగు గుడ్లు పెడుతుంది. రక్తపింజర పిల్లలను కడుపులోనే మోసి కంటుంది. ఆ మాత్రం తేడా తెలియనివారు ఈ కథ జోలికి రాకుండా ఉంటే మంచిది.

వెలిగొండ కింద నిమ్మతోటల ఊళ్లలో ఎక్కడ పాము కనబడినా పోలయ్యకు కబురు వెళ్లేది. ఆయన వచ్చి, పట్టుకుని, కొండలో వదిలిపెట్టేవాడు. ఒక్కదాన్ని చంపిన పాపాన పోలేదు. పాములు పట్టడం నేర్చుకుందామని ఆయన దగ్గరకు వచ్చినవారిలో కొందరు అది నేర్చుకుని వెళ్లిపోయారు, కొందరు ఆయన మాట కోసం ఉండిపోయారు. ఆయనకొక అలవాటు. ఏదైనా అడిగితే జవాబు చెప్పడు, ఒక పని పురమాయిస్తాడు. అడిగినవాళ్లు ఆ పని చేస్తూ లోలోపల ఆయన్ని తిట్టుకుంటారు. సుబ్బరత్నమ్మ పైకే తిట్టింది.

సుబ్బరత్నమ్మ మామిడిగుంట కాలనీలో మంత్రసాని. కాలనీలో సగం మంది ఆమె చేతుల్లోకే పుట్టారు. ఇప్పుడు కాన్పులన్నీ ఆసుపత్రికి పోయినా, కడుపుతో ఉన్న పిల్లలకు ఏం పెట్టాలో ఏం పెట్టకూడదో ఆమె చెప్పిందే మాట. అలాంటిదాని ఇంట్లోనే, కోడలు వెంగమ్మకు మొదటి కడుపు ఆరో నెలలో పోయింది. ఏడాది తిరిగి మళ్లీ ఐదో నెల వచ్చింది. ఈసారి సుబ్బరత్నమ్మ కోడలిని కదలనివ్వలేదు. గడప దాటితే దిష్టి తగులుతుందని, ఎండ పడితే వేడి చేస్తుందని గుడిసెలో చాప మీదనే ఉంచింది. గుమ్మానికి వేపమండలు కట్టింది. మూడు పూటలా దగ్గర కూర్చుని రాగిసంగటి ముద్దలు, ఉడికించిన గుడ్లు తినిపించింది. తిన్నదంతా ఆ పిల్ల కక్కుకునేది. ఆరోగ్య కేంద్రం నుంచి కాటా తీసుకుని గుడిసెకే వచ్చిన నర్సమ్మ బరువు తూచి, ఇలాగే తగ్గుతూ పోతే బిడ్డ నిలవడం కష్టమని మొహం మీదనే చెప్పింది.

శివరాత్రి వెళ్లిన నాలుగో నాడు సుబ్బరత్నమ్మ గురువు ముందు కూర్చుని అడిగింది.

"సామీ, దాన్ని కళ్లలో పెట్టుకుని చూసుకుంటా ఉండా. నేను పెట్టేది దాని ఒంటికి ఎందుకు పట్టడం లేదు? నా చేతిలో ఏం దోషం ఉండాది?"

పోలయ్య ఆమె చేతుల వైపు చూడలేదు. వాచిన మోకాలికి ఆముదపాకు కట్టుకుంటూ పెరట్లోకి వేలు చూపించాడు. అక్కడ నేలలోకి దించిన పాత సిమెంటు తొట్టి ఉంది. నిలువెత్తు లోతు, నున్నటి గోడలు, పైన వల. అడుగున నాలుగు రాళ్లు, కాస్త ఇసుక. ఇసుక మీద చేయంత లావున ఒక రక్తపింజర చుట్టలు చుట్టుకుని పడి ఉంది.

"నిమ్మతోటలో కాయలు కోసేవాళ్ల కాళ్ల మధ్యకు వచ్చింది," అన్నాడు. "చూలుతో ఉండాది. నా మోకాలి వాపు తీసేదాకా కొండకు మోసకపోలేను. అందాకా నువ్వు చూసుకో."

"నేను కోడలి గురించి అడిగితే పామును అంటగడతావా?"

"లోపల చెయ్యి పెట్టబాకు. వల తీసెయ్యబాకు. మిగిలింది నీ ఇష్టం."

సుబ్బరత్నమ్మ గొణుక్కుంటూనే ఒప్పుకుంది. ఒప్పుకున్న పనిలో వంక పెట్టించుకునే మనిషి కాదామె. చూలుది అన్న మాట చెవిన పడింది కాబట్టి, చూలుదానికి ఏం చేస్తారో అదే చేసింది. తొట్టిలో సగం భాగం పొద్దస్తమానం ఎండలో ఉండటం చూసి, పాపం మాడిపోతుందని తాటాకు తడిక తెచ్చి వల మీద నిండా కప్పింది. పొడుగు కర్రతో వల మూల ఎత్తి ఒక ఎలుకను లోపల వేసింది. పాము ముట్టలేదు. రెండో రోజు అంతకన్నా బలిసిన ఎలుకను వేసింది. అదీ ముట్టలేదు. ఎలుకలు రెండూ పాము వీపు ఎక్కి దిగుతూ కాపురం పెట్టాయి.

"బలేదానివే," అని సుబ్బరత్నమ్మ తడిక అంచు ఎత్తి వంగి పామును కేకలేసింది. "కడుపులో అంతమందిని పెట్టుకుని పస్తులుంటే ఎట్టా? నీకూ మా వెంగమ్మకూ ఒకటే రోగం!"

అరుగు మీద పోలయ్యకు ఆ మాట వినబడింది. ఆముదపాకు మార్చుకున్నాడు.

మూడో రోజు పొద్దున ఆమెకు కాళ్లు లాగాయి. ఇంటి దగ్గర వెంగమ్మ తిన్న రెండు ముద్దలూ కక్కేసింది. అత్తాకోడళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. గురువు పెరట్లోకి వచ్చాక ఇంకో ఎలుకను పట్టే ఓపిక లేక తొట్టి పక్కన రాయి మీద కూలబడింది. పని ఏమీ లేక తడిక అంచు సందులోంచి లోపలికి చూసింది.

తడికలో ఒకచోట అరచేయంత కంత ఉంది. అందులోంచి ఒక ఎండ ముక్క తొట్టి అడుగున పడుతోంది. పాము ఆ ముక్క మీదికి తన కడుపు భాగాన్ని చేర్చి, పక్కటెముకలు పరిచి, చదునుగా నేలకు అంటుకుని ఉంది. తలా తోకా చీకట్లోనే ఉన్నాయి. పొద్దు ఎక్కేకొద్దీ ఎండ ముక్క జరిగింది. పామూ జరిగింది. ఎండ రాయి మీదికి ఎక్కితే, ఆ బరువు ఈడ్చుకుంటూ తనూ రాయి ఎక్కింది. ఎలుక వచ్చి మూతి దగ్గర వాసన చూసింది. పాము దాన్ని లెక్కచేయలేదు. దానికి కావలసింది ఆ అరచేయంత ఎండ ఒక్కటే.

సుబ్బరత్నమ్మ ఎంతసేపు అలా చూసిందో ఆమెకే తెలియదు. చివరకు లేచి తడికను ఒక్క గుంజు గుంజి అవతల పారేసింది. పాము మెల్లగా బారు సాగి ఎండంతా పరుచుకుంది. కర్రకు డబ్బా కట్టి ఎలుకలను పైకి తీసి వదిలేసింది. అవి ఆమెను తలుచుకుని ఉంటాయి. మధ్యాహ్నం ఎండ ముదిరినప్పుడు పాము తనంతట తానే నీడలోకి జరగడం కూడా చూసి, అప్పుడు గురువు దగ్గరకు వెళ్లింది.

"దానికి తిండి వద్దు సామీ. ఎండ కావాల. కడుపు నిండా పిల్లలుంటే ఎలుక ఎక్కడ పడతాది? ఆ పిల్లలకు వేడి తగలాల. నేను కప్పెట్టి కూసున్నా."

"నీతో చెప్పిందా?"

"పాము చెప్పడమేంది? చూశా."

"ఎంతసేపు?"

"పొద్దుటి నుంచీ."

"సరే," అన్నాడు పోలయ్య. "వెంగమ్మను ఎంతసేపు చూశావు?"

సుబ్బరత్నమ్మకు కోపం వచ్చింది. "అయితే దాన్నీ ఎండలో పడేసి పస్తు పెట్టమంటావా?"

"మీ కోడలు పామా?"

"ఒక్కోసారి బుస కొడతాది."

పోలయ్య నవ్వాడు. "పాముకు నోరు లేదు కాబట్టి కూసుని చూశావు. కోడలికి నోరుంది. అడిగావా?"

ఆ పూట ఇంటికి వెళ్లి సుబ్బరత్నమ్మ గుమ్మంలో నిలబడింది. లోపలికి రాకుండా అత్త అలా నిలబడటం చూసి వెంగమ్మ చాప మీద లేచి కూర్చుంది. మళ్లీ ఏం తప్పు చేశానోనని భయపడింది.

"ఏందే, నీకు ఏం కావాల?" అంది సుబ్బరత్నమ్మ. అడగడం అలవాటు లేక ఆ మాట తిట్టినట్టే వచ్చింది.

"ఏం వద్దత్తా."

"నిజం చెప్పు. తిట్టను."

వెంగమ్మ చాప పీచు గిల్లింది. ఆ తర్వాత నెమ్మదిగా చెప్పింది. గుడిసెలో పొగకూ, ఎండిన వేపాకు వాసనకూ కడుపులో తిప్పుతోందట. పొద్దున్నే కాసేపు బయట ఎండలో కూర్చోవాలని ఉందట. సంగటి ముద్ద గొంతు దిగదట. గంజన్నంలో చింతకాయ తొక్కు కలుపుకుని, కొంచెం కొంచెంగా, ఐదారు మాట్లు తింటే నిలుస్తుందేమోనట.

"ఇన్నాళ్లూ ఈ మాట చెప్పడానికి నీకేం రోగం?"

"నువ్వు మంత్రసానివి కదత్తా. నీకు తెలీదా అనుకున్నా."

సుబ్బరత్నమ్మ గుమ్మానికి కట్టిన వేపమండలు తెంపి అవతల వేసింది. మర్నాడు పొద్దున ఆమే చాప తీసుకెళ్లి కంచె పక్కన ఎండ పడేచోట పరిచింది. చెంచమ్మ అటునుంచి, "ఏందొదినా, కోడల్ని ఆరేశావా?" అని వేళాకోళం చేసిందట. ఆ మాట అన్నది తనేనని చెంచమ్మ స్వయంగా ఒప్పుకుంది. గంజన్నం నిలిచింది. పదిరోజులకు కాస్త సంగటీ నిలిచింది. నెల తిరిగేసరికి నర్సమ్మ తూచిన కాటాను మళ్లీ ఒకసారి చూసుకుని, ఇంక భయం లేదంది.

ఈలోగా పోలయ్య మోకాలు నయమై, రక్తపింజరను కొండకు తీసుకెళ్లి ఎండ బాగా పడే రాళ్ల దగ్గర వదిలి వచ్చాడు. శ్రావణం వచ్చేముందు వెంగమ్మకు ఆడపిల్ల పుట్టింది. పిల్ల ఏడుపు చెంచమ్మ ఇంటిదాకా వినబడేదట.

పురుడు వెళ్లాక సుబ్బరత్నమ్మ కొత్త పంచె, ఒక పెట్టకోడి తీసుకుని గురువు దగ్గరకు వచ్చి కాళ్లకు దండం పెట్టింది. కళ్లలో నీళ్లు ఆగలేదు.

"కాలనీ అంతా నీ పేరే చెప్పుకుంటాంది సామీ. పోలయ్య సామి మంత్రం వేసి పాము చేత మందు చెప్పించాడంటా ఉండారు. నేనూ కాదనలేదు. నా ఇంట్లో దీపం నిలబెట్టినావు."

పోలయ్య పంచెను పక్కన పెట్టాడు. కోడిని మాత్రం ఒళ్లో పెట్టుకుని రెక్కలు నిమిరాడు.

"కాలనీకి పోయి ఆ మాట సరిచేసి చెప్పమ్మే," అన్నాడు. "ఆ మందు చెప్పింది వెంగమ్మ."