ఊపిరాడని గొడ్లసావిడి: గోష్ఠగౌరీ వ్రత కథ

పూర్వము సువ్రత ముని మేఘస్వన మహర్షికి నమస్కరించి, మేతకు నీటికి లోటులేని ఇంట కూడ పశువులు కూలిపోవుటకు కారణమేమని అడిగెను. మహర్షి కన్నులు తుడుచుకొని ఇట్లు చెప్పసాగెను.

మధుపురియను పట్టణమున బసవదత్తుడను గృహస్థు, అతని భార్య కమలాంబిక ఉండిరి. వారి ఆవుల అందము చూచి దారిన పోవువారు ఆగెడివారు. దిష్టి తగులునని జడిసి బసవదత్తుడు రాతిగోడలతో సావిడి కట్టించి, పైన రాగిరేకులు పరపించి, కిటికీలన్నియు మూయించెను. పాలేర్లు వేకువనే మేత వేసి తలుపు బిగించెడివారు. యజమాని లోనికి తొంగియైనను చూడడాయెను.

రోహిణికార్తెలో ఒకనాడు వియ్యాలవారు వచ్చిరి. వారికి ఆవులను చూపవలెనని అతడు మిట్టమధ్యాహ్నము తలుపు తీయించెను. తీసినంతనే వేడి ఆవిరి అందరి ముఖములకు కొట్టెను. లోపల ఆవులు నాలుకలు వెళ్లబెట్టి, డొక్కలెగరవేయుచు రొప్పుచుండెను. చూలుతోనున్న కర్పూరమను తెల్లావు నోట నురుగుతో గోడవార కూలియుండెను. వియ్యాలవారు ముక్కులు మూసికొని వెనుకకు తగ్గిరి.

"ఎవరి కన్నో పడింది! ఉప్పూ మిరపకాయలూ తెండి, దిష్టి తీద్దాం!" అని బసవదత్తుడు కేక వేసెను.

"దిష్టేంటండీ! ఒక్కసారి మీరు నిలబడి చూడండి ఇందులో!" అని కమలాంబిక అతనిని లోనికి నెట్టి తలుపు మూసెను.

అంతలోనే అతనికి ఊపిరి అందదాయెను. "తియ్యవే! చచ్చిపోతున్నా!" అని తలుపు బాదెను. తీయగనే వాకిట కూలబడి, "ఎంత పని చేశాను! ఇవి రోజూ ఇందులోనే కదా ఉన్నాయి!" అని భోరున ఏడ్చెను.

అప్పుడు మజ్జిగ అడుగవచ్చిన ముసలి ముత్తైదువ ఒకతె, "ఏడుపు తర్వాత నాయనా, ముందు గోడ పగలగొట్టు" అనెను. ఎదురెదురుగా కిటికీలుంచి, కప్పుపై గడ్డి పరచి నీరు చల్లవలెననియు, నిత్యము భోజనమునకు ముందు ఇంటివారే సావిడిలో నిలిచి, తమ ఒంటికి గాలి తగులుచున్నదో లేదో తెలిసికొని, పశువుల ఊపిరిని, ముట్టె తడిని పరికించి గౌరికి దీపము పెట్టవలెననియు, సావిడిలో చేయు ఇదియే గోష్ఠగౌరీ వ్రతమనియు చెప్పి, అందరు చూచుచుండగనే మాయమయ్యెను. వచ్చినది గౌరీదేవియే యని వారు చేతులు జోడించిరి. పిమ్మట గునపములు పట్టి గోడలు పగులగొట్టి కిటికీలుంచిరి. సందెవేళకు కర్పూరము లేచి నీరు త్రాగెను. కొన్నాళ్లకు పెయ్యదూడను ఈనెను. పాడి పొంగెను.

వానలు పట్టగనే బసవదత్తుడు, ఇంక ఎండ ఎక్కడిదని వ్రతము మాని, జల్లు పడునని కిటికీలకు గోనెపట్టాలు బిగించెను. పుట్టింటినుండి తిరిగివచ్చిన కమలాంబిక తలుపు తీయగా, మూత్రపు ఘాటుకు కన్నులు మండెను. గోడలు చెమర్చి నీరు కారుచుండెను. పెయ్యదూడ దగ్గుటకైనను ఓపిక లేక తల వాల్చియుండెను.

"మళ్లీనా అండీ!" అని ఆమె నెత్తి కొట్టుకొనెను.

అతడు పట్టాలు చించి, బురద తానే ఎత్తిపోసి, పొడిగడ్డి పరచి, దూడను ఒడిలోనికి తీసికొని గౌరీదేవిని వేడుకొనెను. గాలి ఆడగా దూడ మెల్లగా తల ఎత్తెను. అది మొదలు ఎండకు, వానకు, చలిగాలికి కూడ అతడు వ్రతము తప్పలేదు.

కావున ఓ సువ్రతా! ఆవులను, గేదెలను, మేకలను, కోళ్లను, ఏ ప్రాణినైనను కప్పుక్రింద పెట్టి పెంచు స్త్రీపురుషులందరును ఈ వ్రతము చేయవలెను. వారి ఇంట పాడి తరుగదు, చూలు నిలుచును, దూడ దక్కును, పిల్లలు పాలన్నము తిని చల్లగా ఉందురు.

మహర్షి ఇట్లు ముగించునంతలో సువ్రత ముని దిగ్గున లేచి, సెలవైనను తీసికొనక, తన ఆశ్రమపు ఆవులపాక వైపు పరుగెత్తెను.