సుంకమ్మ వేళ్ళు

కొండలింకా కాళ్ళతో నడుస్తున్న కాలం. దాహమేస్తే మేఘం కిందికి దిగొచ్చి, మన కడవలో నీళ్ళు మనల్ని అడక్కుండానే తాగిపోయే కాలం. అదిగో, ఆ కాలంలో, నల్లమల అంచున గుండ్లమిట్ట అనే ఊళ్ళో సుంకమ్మ అని ఒక తోలుపని మనిషి ఉండేది.

ఆమె చేతిపని గురించి చెప్తే నమ్మరు. నమ్మకపోతే నష్టం మీకే. తోలుకు బెజ్జం పెట్టే ఆరె పట్టి ఆమె ఒక్క పోటు పొడిచిందంటే, అది ఏడు పొరల దున్నపోతు తోలు దాటి, కింద పీట దాటి, పీట కిందున్న బండకు కన్నం పెట్టేది. వానాకాలం ఆ కన్నాల్లో నీళ్ళు నిలిస్తే పిచ్చుకలు బారులు తీరి స్నానాలు చేసేవి. ఆమె కుట్టిన చెప్పులు తాత తొడిగితే, మనవడి మనవడు కూడా వాటిని అరిగించలేక విసుగొచ్చి ఏట్లో పారేసేవాడు. పారేసిన చెప్పులు ఏటికి ఎదురునడిచి ఇంటికొచ్చి గడప బయట కూర్చునేవి.

ఆమె పనిలో కూర్చుంటే ఊరంతటికీ ఒకటే పాట వినపడేది. ఆరె దిగింది, దారం వచ్చింది, ముడి పడింది. ఆరె దిగింది, దారం వచ్చింది, ముడి పడింది.

మొగుడు పోయి పదేళ్ళు. ఊరి చివర ఒక కొట్టం, కొట్టం వెనక లంద. లంద అంటే తోళ్ళు నానేసే తొట్టి. అందులో తంగేడు చెక్క, నీళ్ళు, తోళ్ళు. ఇంతే ఆమెకున్నది.

ఊరికి పైన, కొండ వాలులో బీరన్న అనే కురుబ మంద పెట్టుకొని ఉండేవాడు. నూరు గొర్రెలు, మూడు కుక్కలు. పెద్దది కరోడు, నడిపిది బూడిదోడు, చిన్నది చీమ. పేరుకు తగ్గట్టు చీమ అంతే ఉండేది. కానీ దాని ఊపిరంతా మొరగడానికే పుట్టినట్టుండేది.

ఆ కొండ మీదికి ఒక చిరుత వచ్చింది. మామూలు చిరుత కాదు. అది ఈ కొండ మీద తోక ఊపితే పక్క కొండ మీద గడ్డి వంగేది. పట్టపగలు, భయం లేకుండా, చుట్టం చూపుగా వచ్చినట్టు వచ్చేది. చిరుత గొర్రెను పట్టాలంటే ముందు కుక్కను చంపాలి. కుక్కను చంపాలంటే గొంతు పట్టాలి. కుక్కలు మూడూ పోతే మంద పోయినట్టే. మంద పోతే బీరన్నకూ, పెళ్ళానికీ, నలుగురు పిల్లలకూ గంజి పోయే దారి కూడా లేదు.

బీరన్న కొండ దిగి సుంకమ్మ కొట్టం ముందు నిలబడ్డాడు. "అక్కా, నా కుక్కల మెడలకు తోలు పట్టెడలు కుట్టియ్యి. చిరుత నోరు పెడితే దాని నోరే పగలాల" అన్నాడు. ముందు ఒకటి కుడతాననీ, అది నిలబడితే మిగతా రెండూ కుడతాననీ సుంకమ్మ చెప్పింది.

లందలోంచి మేలైన తోలు తీసింది. నాలుగు వేళ్ళ వెడల్పున కోసింది. కమ్మరి దగ్గర తొమ్మిది ఇనప మేకులు తెచ్చి, మొనలు బయటికి వచ్చేలా దిగ్గొట్టింది. ఆరె దిగింది, దారం వచ్చింది, ముడి పడింది. కరోడు దాన్ని మెడకేసుకొని పెళ్ళికొడుకులా నడిచాడు.

వానలు పడ్డాయి. ఒక్కో మేకు చుట్టూ తోలు మీద కాటుక చుక్కలా నల్లటి మచ్చ తేలింది. సుంకమ్మ చూసి మురిసిపోయింది. రంగు వేయకుండానే రంగొచ్చింది అనుకుంది.

వానలు వెనకబట్టాక చిరుత వచ్చింది. కరోడు ఎదురెళ్ళాడు. చిరుత గొంతు పట్టింది. పట్టెడ అప్పడంలా తెగింది. కరోడు అక్కడే పోయాడు.

చిరుత మహిమగలదని ఊరంతా అంది. అమ్మవారి వాహనమని కొందరు, చచ్చిన జమీందారని కొందరు. సుంకమ్మ కొండెక్కి తెగిన పట్టెడ అడిగి తీసుకుంది. చిరుత పంటి గాటు ఒకచోట ఉంది. తోలు తెగింది ఇంకోచోట, సరిగ్గా నల్ల మచ్చల వెంబడి. మచ్చ మీద గోరు పెడితే మాడిన రొట్టెలా పొడిపొడిగా రాలింది. తంగేడు చెక్కలో ఊరిన తోలు, తడిసిన ఇనుము కలిస్తే ఇనుమే తోలును తింటుందని ఆమెకు అప్పుడు తెలిసింది.

"చిరుత కొరికింది కాదు బీరన్నా. నా మేకులు కొరికినాయి" అంది.

పని చేసిన మనిషి తన పనిలో తప్పు తానే చెప్పడం గుండ్లమిట్టలో అదే మొదటిసారి. ఆ మాట విని చెట్ల మీది కాకులు కూడా అరవడం ఆపి ఒకదాని మొహం ఒకటి చూసుకున్నాయంటారు.

రెండో పట్టెడకు ఇనుము ముట్టలేదు. ఇత్తడిపని చేసే కంచరివాళ్ళ ఇంటికెళ్ళి, రెండు జతల చెప్పులిచ్చి తొమ్మిది ఇత్తడి మొనలు, ఒక ఇత్తడి ఉంగరం, బిగించే ఇత్తడి కొక్కెం తెచ్చుకుంది. ఇత్తడి తడిసినా తోలును తినదు. ఆరె దిగింది, దారం వచ్చింది, ముడి పడింది.

కానీ చెప్పులు కుట్టే చేతికి ఒక లెక్క ఉంటుంది. చెప్పు కొత్తలో బిగుతుగా ఉండాలి. నాలుగు రోజులు నడిస్తే సాగి, కాలికి తగ్గట్టు కుదురుతుంది. ముప్పై ఏళ్ళుగా ఆ చేతులకు తెలిసిన లెక్క అదే. కుక్క మెడకూ ఆ లెక్కే వేసి, బూడిదోడికి పట్టెడ బిగుతుగా బిగించింది.

కాలు తోలును తొక్కుతుంది. మెడ తొక్కదు. పట్టెడ వానకు తడిసింది, ఎండకు ఎండింది, ఎండి ముడుచుకుంది. బూడిదోడి మొరుగుడు రోజురోజుకూ సన్నబడింది. ఎవరూ పట్టించుకోలేదు.

చిరుత వచ్చింది. ఇత్తడి మొనలు చూసి గొంతు జోలికి పోలేక చుట్టూ తిరిగింది. బూడిదోడు తరిమాడు. మొరగబోతే శబ్దం రాలేదు. నాలుగడుగుల దూరంలో, గట్టు కింద వాగులో నీళ్ళు తాగుతున్న బీరన్నకు ఏమీ వినపడలేదు. ఆయన వచ్చేసరికి రెండు గొర్రెలు లేవు. బూడిదోడు పడి ఉన్నాడు. ఒంటి మీద ఒక్క గాటు లేదు.

సుంకమ్మ వచ్చి ఆ పట్టెడ కిందికి చిటికెన వేలు పెట్టబోయింది. వేలు పోలేదు.

"అక్కా, నీ మీద కోపం లేదు. చీమ ఒక్కటే మిగిలింది. దాని మెడ దానికి వదిలెయ్యి" అన్నాడు బీరన్న.

మూడు రోజులు కొట్టంలో పాట లేదు. సుంకమ్మ గోడకు ఆనుకొని కూర్చుంది. పట్టెడ లేకపోతే చీమను చిరుత చంపుతుంది. చెడ్డ పట్టెడ వేస్తే తను చంపుతుంది. రెండు కుక్కలు ఆమె కళ్ళ ముందే తిరుగుతున్నాయి. ఒకటి నల్ల మచ్చలతో, ఒకటి మొరగలేని నోటితో.

నాలుగో రోజు పొద్దున ఆరె దిగింది. దారం వచ్చింది. ముడి పడింది. మూడో పట్టెడకు మోదుగ పూలు ఉడికించి పసుపు రంగు వేసింది, ఎత్తుగా పెరిగిన బోద గడ్డిలో కూడా కుక్క కనపడేలా. ఈసారీ ఇత్తడి మొనలే పెట్టి కుట్టి, దాన్ని ముందు తన మెడకు పెట్టుకుంది.

వాన పడింది. వెళ్ళి వానలో నిలబడింది. రంగు కారి, మెడా రవికా పచ్చబడ్డాయి. కంచరి ఇంటి కొండమ్మ అరుగు మీద కూర్చొని చూసింది. ఆమె మెడలో తులాలకొద్దీ బంగారు పట్టెడ.

"ఏమ్మే సుంకమ్మా, మెడకు పసుపు పూసినావే. మళ్ళీ పెండ్లా?" అంది. పక్కనున్న ఆడవాళ్ళు నవ్వారు.

సుంకమ్మ ఇంటికెళ్ళి రంగు నిలిచేలా తోలుకు పటిక నీళ్ళు పట్టించింది. మళ్ళీ రంగేసింది. ఆరాక తెల్లగుడ్డతో తుడిచింది. గుడ్డకు పసుపు అంటింది. మళ్ళీ తుడిచింది. ఎన్నిసార్లో చెప్పలేం. ఊళ్ళో తెల్లగుడ్డలన్నీ అయిపోయి ఎవరికీ పంచెలు లేకుండా పోయాయంటారు. గుడ్డ తెల్లగా వచ్చేదాకా తుడిచి, అప్పుడు ఆముదంలో తేనెమైనం కరిగించి రుద్దింది.

ఎండ కాసింది. పట్టెడ పెట్టుకొనే ఎండలో కూర్చుంది. తోలు ముడుచుకుంది. సంగటి ముద్ద నోట్లో పెడితే మింగుడు పడలేదు. కొక్కెం ఒక బెజ్జం వదులు చేసింది. అప్పటికీ దిగలేదు. ఇంకో బెజ్జం. ముద్ద దిగింది. అప్పుడు పట్టెడ కిందికి వేళ్ళు పెట్టి చూసుకుంది. రెండు వేళ్ళు పట్టాయి. మూడో బెజ్జం దాకా వదిలితే పట్టెడ తల మీదుగా ఊడొచ్చింది. కాబట్టి రెండే.

తర్వాత పరుగు. కొండ కింది నుంచి పైకి, అరుచుకుంటూ పరిగెత్తింది. ఎంత వేగమంటే ఆమె నీడ ఆమెను అందుకోలేక సగం దూరంలో కూర్చుండిపోయింది. పట్టెడ అంచు కోసుకొని మెడ చుట్టూ నెత్తుటి గీత పడింది. ఆ అంచులు తోలు కోసే రంపెతో గుండ్రంగా చెక్కింది. లోపల మెత్తటి మేకతోలు అతికి కుట్టింది.

కొండమ్మకు ఇది పండగైంది. "మాకేమో బంగారు పట్టెడ, మా సుంకమ్మకు కుక్క పట్టెడ. ఎంత సింగారం" అంది, ఊరంతా వినేలా.

సుంకమ్మ నిలబడింది. కోపం లేదు. అలిసిపోయిన గొంతు. "కుక్కకు నొప్పి చెప్పుకునే నోరు లేదు కొండమ్మా. అందుకని నా మెడను అడుగుతాండా" అంది. మెడ పట్టుకొని నడిచి వెళ్ళిపోయింది. ఆ రోజు ఆ అరుగు మీద ఇంకెవరూ నవ్వలేదు.

అలా తొమ్మిది రోజులు తిని, పడుకొని, పనిచేసి, పట్టెడతోనే కొండెక్కింది. బీరన్న వద్దని చెప్పడానికి నోరు తెరిచాడు. ఆమె మెడ చుట్టూ మానీమానని గీత చూశాడు. తనే వచ్చి ఆమె మెడలోంచి పట్టెడ విప్పి, కొత్త బెజ్జం పొడిపించి, చీమ మెడకు పెట్టాడు.

సుంకమ్మ రెండు వేళ్ళు లోపలికి జార్చింది. "పట్టినాయి" అంది.

పదిరోజులకు, మిట్ట మధ్యాహ్నం, తుంపర పడుతుండగా చిరుత వచ్చింది. చీమ దాని పాదమంత ఉంది. అయినా ఎదురెళ్ళింది. చిరుత నవ్వుకొని నోరు తెరిచి మెడ పట్టింది. తొమ్మిది ఇత్తడి మొనలు. రెండు కోరలు విరిగి వాగులో పడి, అక్కడి నుంచి కృష్ణలో కలిసి, సముద్రం దాకా కొట్టుకుపోయాయి. చీమ మొరిగింది. దాని ఊపిరి దానికుంది కాబట్టి మొరిగింది. ఏడూళ్ళ పెంకులు కదిలాయి. పొయ్యిల మీద ఎసరు పొంగింది. బీరన్న గొడ్డలితో పరిగెత్తుకొచ్చేసరికి చిరుత మూడు కొండలవతల ఉంది. మళ్ళీ ఈ వైపు రాలేదు. పళ్ళు లేక గంజి తాగి బతికిందని విన్నవాళ్ళున్నారు.

చీమకు ఒక చెవి చిరిగింది. అంతే.

సుంకమ్మ వచ్చి చిరుత సంగతి అడగలేదు. చీమ ముందు కూర్చొని కొక్కెం విప్పి, మెడ కింద వెంట్రుకలు పక్కకు తీసి చూసింది. పుండు లేదు. ఒరిపిడి లేదు. రంగు అంటలేదు. అప్పుడు ఆ కుక్కను ఒళ్ళో పెట్టుకొని, కరోడి పేరు, బూడిదోడి పేరు చెప్పుకొని ఏడ్చింది.

ఆ తర్వాత పన్నెండు కొండల కురుబలకూ ఆమే కుట్టింది. ప్రతి పట్టెడా ఒక పూట తన మెడకు పెట్టుకొనే ఇచ్చింది.

ఏళ్ళు గడిచి సుంకమ్మ చనిపోయింది. నీళ్ళు పోయడానికి వచ్చిన ఆడవాళ్ళు ఆమె మెడ చుట్టూ ఉన్న మచ్చ చూశారు, గీసినట్టు గుండ్రంగా. కొండమ్మ అప్పటికి ముసలిదైంది. పిలవకపోయినా వచ్చింది. వంగి, ఆ మచ్చ మీద రెండు వేళ్ళు ఆనించి, లేచి వెళ్ళిపోయింది.

పన్నెండు కొండల కురుబలు కుక్కలతో దిగొచ్చారు. ఆమెను పూడ్చే గుంత దగ్గర బీరన్న తన కుక్క పట్టెడ విప్పి తన మెడకు చుట్టుకున్నాడు. ఆ కుక్క చీమ మనవరాలు. రెండు వేళ్ళు జార్చి చూసుకొని, మళ్ళీ కుక్కకు పెట్టాడు. పక్కవాడు అదే చేశాడు. వాడి పక్కవాడూ అదే చేశాడు. ఎవరూ చెప్పలేదు, ఎవరూ అడగలేదు.

ఇప్పుడు పట్టెడలు పట్నం అంగళ్ళలో దారాలకు వేలాడుతుంటాయి. అయినా ఆ వైపు మనిషి కొనబోతే ముందు తన మెడకు చుట్టుకుంటాడు. అంగడివాడు నవ్వితే నవ్వనిస్తాడు. తెల్లగుడ్డ తడిపి రంగు తుడిచి చూస్తాడు. ఇనప ఉంగరమైతే పక్కన పెడతాడు. ఇంటికొచ్చి కుక్క మెడకు బిగించి వేళ్ళు జారుస్తాడు. సన్నవేళ్ళవాళ్ళు బొటనవేలు కూడా కలుపుకోవాలి, ఎందుకంటే ఆరె పట్టిన వేళ్ళు అంత లావుండేవి మరి.

అప్పుడు ఇంట్లో పెద్దవాళ్ళు లోపలి నుంచి అడుగుతారు, "సుంకమ్మ వేళ్ళు పట్టినాయా?" అని.

పట్టినాయి అని చెప్పాకనే కుక్కను వదులుతారు.