పట్టుగుడ్డలో పనసగిన్నె

సోమలింగాచారికి నెల్లాళ్ళుగా ధ్యానం కుదరడం లేదు. కళ్ళు మూస్తే చాలు, పనసగిన్నె కనపడేది.

ఆ గిన్నె అతను చేసిందే. ఆశ్రమంలో చేరకముందు ముప్ఫై ఏళ్ళు వడ్రంగం చేసినవాడు. గాలివానకు కూలిన పనసచెట్టు మొదలొకటి గోదావరి ఒడ్డున దొరికితే, ఏడాదిపాటు నీడన ఆరబెట్టి, తొలిచి, చెక్కి, గరుకు ఆకులతో రోజుల తరబడి రుద్ది, శివరాత్రినాడు గురువుగారు తారకానందస్వామి చేతిలో పెట్టాడు. కాకిపిల్ల కాకికి ముద్దంటారు గానీ, ఆ గిన్నె ఎవరికైనా ముద్దొచ్చేదే. తేనెరంగు ఒళ్ళు, లోపల చెట్టు వయసు చెప్పే వలయాలు, రెండు అరచేతుల్లో ఇమిడిపోయే గుండ్రం. దీని తర్వాత ఉలి పట్టేది లేదని ఒట్టు పెట్టుకుని మరీ చేశాడు. తను పోయినా అది ఉండాలని అతని ఆశ.

స్వామి అటూ ఇటూ తిప్పి చూసి, "బాగుంది నాయనా" అన్నారు. మర్నాడు మధ్యాహ్నమే అందులో అంబలి పోయించుకున్నారు.

అది మొదలు రోజూ అదే వరస. ఒకపూట అంబలి, ఒకపూట చింతపండు పులుసు. పడవ దిగి వచ్చిన బాటసారి ఎవరైనా ఆకలంటే, స్వామి తన గిన్నె అతనికే ఇచ్చేసేవారు. అడుగున పసుపు మరక కనిపించిననాడు సోమలింగానికి ప్రాణం ఉసూరుమంది. పంక్తిలో తినడం కాగానే అందరికంటే ముందు లేచి, గిన్నె కంటపడనంత దూరం పోయి ధ్యానానికి కూర్చునేవాడు. అక్కడా అదే కనపడేది.

ఉగాది వెళ్ళాక ఇక ఉండబట్టలేక అడిగేశాడు.

"స్వామీ, నా బతుకులో ఇంత మంచి పని ఇంకోటి చెయ్యలేదు. ఇలా పులుసులు పోసుకుంటే ఎన్నాళ్ళుంటుంది? మీకు రోజూ ఆకుదొప్ప కుట్టి ఇస్తాను. దీన్ని నాకివ్వండి, కంటికి రెప్పలా కాపాడతాను."

స్వామి గిన్నె అతని చేతికిచ్చారు. "అలాగే కానీ. నేనెలాగూ యాత్రకు పోతున్నాను. వచ్చేదాకా నువ్వే చూసుకో."

సోమలింగం దాన్ని పట్టుగుడ్డలో చుట్టి, మూడు ముళ్ళు వేసి, పెంకుల కింద అటకమీద పెట్టాడు. పొద్దున్నే లేచి దానికో దండం పెట్టేవాడు. విప్పితే దుమ్ము పడుతుందని విప్పి చూడలేదు. ఆ రెండు నెలలూ ధ్యానం మాత్రం దివ్యంగా కుదిరింది.

రోహిణి కార్తెకు రోళ్ళు పగులుతాయంటారు. సరిగ్గా ఆ ఎండల్లోనే స్వామి తిరిగొచ్చారు. వంట చేసే ఆదెమ్మ భోజనానికి పిలిస్తే, వచ్చి కూర్చుని చెయ్యి చాపారు.

"ఏదీ, నా గిన్నె?"

సోమలింగం అటకమీంచి మూట దించి, వాళ్ళ ముందే ముళ్ళు విప్పాడు. అంచు నుంచి కడుపుదాకా వెంట్రుక మందాన పగులు. ఎత్తి పట్టుకుంటే అందులోంచి వెలుతురు కనపడింది.

అతను అక్కడే కూలబడ్డాడు. ఏడుపొచ్చింది, దాచుకోలేదు.

"పాడు చేశాను స్వామీ. దీన్ని గోదాట్లో వదిలేస్తాను."

స్వామి గిన్నె అందుకుని పగులు మీద బొటనవేలితో నిమిరారు. "ఆదెమ్మా, అంబలి పొయ్యి తల్లీ."

"కారిపోద్ది స్వామీ."

"కారనీ."

పగులుకు కింద వేలు ఆనించి ఆయన తాపీగా తాగారు. సగం అంబలి పంచె మీదే పడింది. సోమలింగం ఆ రోజు లేచి పోలేకపోయాడు. తాగడం అయ్యాక స్వామి గోరువెచ్చని నీళ్ళతో గిన్నెను చప్పున కడిగారు. ఒక్క చుక్క తడి లేకుండా ఉత్తరీయంతో ఒత్తారు. అరచేతిలో నువ్వులనూనె వేసుకుని, లోపలా బయటా, పసిబిడ్డకు రాసినట్టు రాసి, నీడపట్టున బోర్లించారు. కొయ్యతోనే బతికిన సోమలింగం కొయ్యను అంత ప్రేమగా ముట్టుకున్న చెయ్యిని చూడటం అదే మొదలు.

"రోజూ ఇలాగేనా?" అని మెల్లగా ఆదెమ్మను అడిగాడు.

"నువ్వు చేసిచ్చిన కాణ్ణించీ ఇంతే ఆచారిబాబూ. నన్నొక్కపూట కడగనిస్తేగా."

మర్నాడూ కారింది. ఆ మర్నాడూ కారింది, కొంచెం తక్కువగా. పది పన్నెండు రోజులు గడిచాక ఒక మధ్యాహ్నం స్వామి గిన్నె కిందినుంచి వేలు తీసేశారు. ఒక్క చుక్క పడలేదు. సోమలింగం చెయ్యి పెట్టి తడిమి చూశాడు. అడుగు పొడిగా ఉంది. కొయ్య పొంగి, పగులు మూసుకుపోయింది.

"నాయనా, నీ కొట్టుకు ఆడవాళ్ళు పగుళ్ళిచ్చిన తెడ్లూ గిన్నెలూ తెచ్చేవారా?" అని అడిగారు స్వామి.

"తెచ్చేవారు స్వామీ. పెళ్ళినాటి సామానని అటకమీద దాచుకుని, పగిలాక తెచ్చేవారు."

"ఏం చెప్పేవాడివి?"

సోమలింగం తల వంచుకున్నాడు.

"కొయ్య తిండి తింటేనే బతుకుతుందమ్మా, రోజూ వాడుకోండి, అనేవాణ్ణి."

"వినేవారా?"

"వినేవారు స్వామీ."

స్వామి చివరి గుక్క తాగి, గిన్నె అతని చేతిలో పెట్టారు.

"మంచి మాటే. చెప్పినవాడొక్కడే వినలేదు."