సగం ఏటిలో విప్పే ముడి

పొన్నరేవులో పంటు ఎక్కితే గోదావరి పాయ దాటి ముడివిప్పులంక చేరడానికి ఎంతోసేపు పట్టదు. లంక ఒడ్డున రెల్లుపొదల మధ్య సున్నం వేసిన చిన్న దేవాలయం కనిపిస్తుంది. లోపలి సిలువను చూసి తొలిసారి వచ్చినవారు కొంచెం తెల్లబోతారు. దానికి పూతా లేదు, నగిషీ లేదు. నిలువు కొయ్య ఒక పాత తాటి గుంజ, అడ్డకొయ్య ఒక తెడ్డు. గుంజ మెడ దగ్గర తాడు ఒరుసుకుని పడిన గాడి ఉంది. భక్తులు ఆ గాడిలో వేలు ఉంచి ప్రార్థించుకుంటారు. చాలా చోట్ల మొక్కుకుని దారం కడతారు గానీ, ఇక్కడ మాత్రం కట్టుకొచ్చిన దారాన్ని విప్పుతారు. ఆ ఆచారం ఎలా వచ్చిందో పెద్దలు ఇలా చెబుతారు.

పూర్వం ఇక్కడ పంట్లు లేవు, తాటిదోనెలే దిక్కు. పొన్నరేవులో సువార్తమ్మ అనే మంత్రసాని ఉండేది. ఇటు ఊళ్లోనూ అటు లంకలోనూ ఆమె చేతుల్లో పుట్టని పిల్లలు అరుదు. కాన్పుకు పిలుపు వస్తే భర్త దావీదు తెడ్డు వేసేవాడు, ఆమె ముందు కూర్చుని ఊరి కబుర్లన్నీ చెబుతూ ఏరు దాటేది. ఒక వరదలో దావీదు ఏటి పాలయ్యాడు. దోనె మాత్రం ఖాళీగా ఒడ్డుకు కొట్టుకొచ్చింది.

నాటి నుంచి సువార్తమ్మ లంకకు వెళ్లడం మానేసింది. దోనె వెనుక కొసకు పొడవాటి కొబ్బరి మోకు కట్టి, రెండో కొసను రేవులోని గుంజకు ముడివేసి, అది సాగినంత మేరకే ఏట్లోకి వెళ్లి చేపలు పట్టుకునేది. సగం ఏటికి వచ్చేసరికి మోకు బిగిసేది, ఆమె వెనక్కి తిరిగేది. సువార్తమ్మ దోనె మేతకు వెళ్లిందని కుర్రకారు ఆటపట్టించేవారు. ఆమె కూడా నవ్వేసేది గానీ, ముడిని మాత్రం ఒకటికి రెండుసార్లు చూసుకోనిదే దోనె ఎక్కేది కాదు. ఆదివారం ప్రార్థనలో దేవుణ్ణి నమ్ముకున్నానని అందరికంటే గట్టిగా పాడేదీ ఆమే. ఆ పాటా నిజమే, ఆ భయమూ నిజమే. లంకలోని ఆడవాళ్లు ఆమె మనసెరిగి, నెలలు నిండగానే ఇవతలికి వచ్చి ఆమె ఇంట్లోనే ఉండి పురుడు పోసుకునేవారు.

ఒక శ్రావణమాసంలో ఏరు పొంగింది. లంకలోని దోనెలన్నీ కొట్టుకుపోయాయి. ఆ సమయంలోనే అక్కడ రూతమ్మకు నెలలు నిండకుండా నొప్పులు మొదలయ్యాయి. రూతమ్మ కూడా సువార్తమ్మ చేతుల్లో పుట్టిన పిల్లే. ఆమె భర్త యోబు వెదురుగడకు తెల్లపంచె కట్టి ఎత్తాడు. లంకలో కాన్పు కష్టమైందనడానికి అదే గుర్తు. ఊరి మగవాళ్లంతా దూరాన గండి పూడ్చడానికి పోయారు. రేవులో మిగిలింది ప్రార్థన నడిపే ముసలి ఉపదేశి జకరయ్య ఒక్కడే. ఆయన చేతులు అన్నం ముద్దకే వణుకుతాయి, ఇక తెడ్డు ఏం పడతాయి?

మోకు సాగినంత దూరం వెళ్లి చూస్తానని సువార్తమ్మ ఆయనతో చెప్పింది. అలవాటు ప్రకారం ముడి రెండుసార్లు చూసుకుని దోనె ఎక్కింది.

సగం ఏటిలో మోకు బిగిసింది. దోనె ఒక్క కుదుపుతో ఆగి, పోటుకు అటూ ఇటూ ఊగసాగింది. అవతలి ఒడ్డున యోబు మొలలోతు నీళ్లలోకి దిగి అరుస్తున్నాడు.

"అత్తా, బిడ్డ అడ్డం తిరిగిందంట. రూతు నిన్నే కలవరిత్తంది."

సువార్తమ్మ వెనక్కి చూసింది. గుంజ కనిపించింది. ముందుకు చూస్తే దావీదును మింగిన ఎర్రనీళ్లు తప్ప మరేమీ లేవు. ఆమె వెక్కివెక్కి ఏడ్చింది. ఏడుస్తూనే దోనె కొసనున్న ముడి మీద చేయి వేసింది.

"పెబువా, ఇంతవరకూ నన్ను తాడు పట్టుకుంది. ఇక నువ్వు పట్టుకో."

తడిసి బిగిసిన ముడి వేళ్లకు లొంగలేదు. పళ్లతో పట్టి లాగింది. చివరకు మోకు జారి నీళ్లలో పడింది.

దేవుడు ఆమెను పట్టుకున్నాడు గానీ, ఆమె అనుకున్న చోట దింపలేదు. పోటు దోనెను యోబును దాటించి, చాలా దిగువన రెల్లుపొదల్లోకి నెట్టింది. ఆమె మోకాటిలోతు బురదలో పడుతూ లేస్తూ గుడిసె చేరింది. రూతమ్మ తల నిమిరి, అడ్డం తిరిగిన బిడ్డను ఓపికగా, మెల్లమెల్లగా తిప్పింది. దీపాలు పెట్టే వేళకు ఆడపిల్ల పుట్టింది. పిల్ల ఏడుపు విని సువార్తమ్మ మళ్లీ ఏడ్చింది.

మర్నాడు దోనె కోసం వెళ్లిన యోబుకు, అదే రెల్లుపొదల్లో దాని పక్కనే రేవు గుంజ చిక్కుకుని కనిపించింది. దాని మెడకు మోకు ఇంకా కట్టే ఉంది. ఏరు తగ్గాక వచ్చిన జకరయ్య జరిగింది చెప్పాడు. మోకు వదులైన కాసేపటికే రేవుగట్టు విరిగి, గుంజతో సహా ఏట్లో కూలిపోయిందట. ఆమె ముడి విప్పకుండా ఉండి ఉంటే గుంజ దోనెను కూడా ఈడ్చుకుపోయేది. ఆమె విప్పడం ముసలిచూపుకు ఆనక, సువార్తమ్మ ఇక లేదనుకుని ఆయన అన్నం ముట్టలేదు. ఇప్పుడు ఆమె చేతులు రెండూ పట్టుకుని చాలాసేపు వదల్లేదు.

ఏళ్లతరబడి తనను కాస్తుందనుకున్న గుంజను సువార్తమ్మ ఆ పొదల దగ్గరే నిలబెట్టించింది. తన తెడ్డును తానే అడ్డంగా కట్టింది. ఆ సిలువ చుట్టూనే తరువాత దేవాలయం లేచింది.

ఇప్పటికీ పొన్నరేవులో పంటు ఎక్కేవారి మణికట్టుకు కొబ్బరి పీచు దారం కడతారు. కొత్త కాపురానికి వెళ్లే పిల్లలు, ఆపరేషనుకు వెళ్లేవారు, గల్ఫుకు పనికి పోయే తల్లులు, ఏ దారీ తోచనివారు వస్తుంటారు. సగం ఏటిలో పంటు నడిపే సరంగు ఇంజను ఆపుతాడు. అందరూ సువార్తమ్మ మాటే మెల్లగా చెప్పుకుని, ఎవరి ముడి వారు విప్పి దారాన్ని నీళ్లలో వదులుతారు. కత్తి పెట్టకూడదు, పళ్లు పెట్టవచ్చు. ఇక్కడ ముడి విప్పినవారికి దారి ముందుగా తెలుస్తుందని ఎవరూ చెప్పరు. తోడు మాత్రం తప్పదని చెబుతారు.

విప్పలేక దారంతోనే తిరిగి వెళ్లేవారూ ప్రతి ఏటా కొందరుంటారు. వారిని ఎవరూ తప్పుపట్టరు. సువార్తమ్మ దోనె కూడా ఏళ్లపాటు సగం ఏటిదాకానే వచ్చింది. ఆ చోట సరంగు వారి పక్కన కాసేపు కూర్చుని, మళ్లీ రమ్మని చెప్పి, అప్పుడు ఇంజను వేస్తాడు.