నక్క కోయనివ్వని వెల్లుల్లి కాడలు

కొండవాలు మీద ముళ్ళపంది నాంచారమ్మకి పన్నెండు సాళ్ళ వెల్లుల్లి మడి ఉండేది. దున్నిపెట్టేది ఎద్దు పోలన్న. విత్తేదీ, కలుపు తీసేదీ, తవ్వేదీ నాంచారమ్మ. కావలి కాసేది నక్క గవరయ్య. కావలంటే ఏం లేదు, గట్టు మీద పడుకుని తోక ఆడించడం. అయినా సగం పంట వాడిదే. ఇవ్వనంటే ఆ వారంలోనే అడవిపందులు వచ్చి మడిలో దొర్లుతాయి. వాటికి దారి చూపించేది ఎవరో కొండ మీద అందరికీ తెలుసు. అడిగే మొనగాడే లేడు.

కిందటేడు పంట తవ్వే రోజున గవరయ్య సాలుకో గడ్డ పీకి చూశాడు. బాగా ఊరిన సాళ్ళన్నీ తనవన్నాడు. గోళీకాయల్లాంటివి కాసిన సాళ్ళు నాంచారమ్మకి వదిలాడు. వానలు సగం కురవకముందే ఆమె గూట్లో వెల్లుల్లి అయిపోయింది. ఇద్దరు పిల్లలూ మిగతా వానాకాలమంతా చెట్ల బెరడు గీక్కు తిన్నారు. ఈ ఏడు అలా జరగనివ్వకూడదని, మొదటి రెబ్బ నేలలో గుచ్చుతూనే అనుకుంది నాంచారమ్మ. ఎలాగన్నది మాత్రం తోచలేదు.

చలి తగ్గుముఖం పట్టేసరికి మొక్కల నడిమిలోంచి మొగ్గకాడలు లేచాయి. లేచి, చంటిపిల్లల ముంగురుల్లా ఒక్క చుట్టు తిరిగాయి. కోతకి అదే అదును. నాంచారమ్మ ఎండెక్కేదాకా ఆగింది. ఎండలో కోస్తే కోసిన చోట త్వరగా ఆరిపోతుంది, కుళ్ళు పట్టదు. కాడని కాస్త వంచితే లేతగా ఉన్నచోట అదే పుటుక్కుమంటుంది. ఆకు జోలికి పోకుండా అలా ఒక్కొక్కటీ తెంపుకుంటూ పోయింది. పైనున్న రెండు సాళ్ళు కోసేసరికే బుట్ట నిండింది.

మూకుడు పొయ్యి మీద పెట్టి, నూనెలో ఆవాలూ ఎండుమిరపకాయలూ వేసి, వేలెడేసి ముక్కలు చేసిన కాడలు పోసింది. మెత్తబడీ పడకుండా ఉండగానే ఉప్పూ, వేయించి దంచిన వలిసె గింజల పొడీ చల్లి దించింది. ఆ వాసనకి గట్టు మీద తోక ఆడటం మానేసింది.

"ఏం వండుతున్నావు వదినా?"

"నీకెందుకు మరిదీ, మడి కాసుకో."

అప్పటికే గవరయ్య విస్తరాకు తెచ్చుకుని కూర్చున్నాడు. తప్పక పెట్టింది. ఆకు నాకి, మూతి నాకి, అప్పుడు అసలు మాటకొచ్చాడు.

"ఇదెక్కడిది?"

"మన మడిలోదే. వెల్లుల్లి మొగ్గకాడ."

"మరి నా సగమేది?"

"నీ సాళ్ళేవో నువ్వు చెప్తేగా. తవ్వాక చూసుకుని చెప్తానంటావు ఎప్పుడూ."

అనేశాక తట్టింది నాంచారమ్మకి. వీడికి అబద్ధం చెబితే ఇట్టే పట్టేస్తాడు, పుట్టినప్పటి నుంచీ వాడు చెప్పేది అదే. నిజంతోనే వాడికి బొత్తిగా అలవాటు లేదు.

"చూడు మరిదీ, ఉన్నమాట చెప్తున్నా. ఈ నాలుగు రోజుల్లో పన్నెండు సాళ్ళ కాడలూ కోసెయ్యాలి. వదిలేస్తే చుట్టు విప్పుకుని నిలువునా లేచి కట్టెలైపోతాయి. మొక్క సత్తువంతా పువ్వు లాగేస్తుంది, కింద గడ్డ ఊరదు. నీ సాళ్ళవి కూడా నేనే కోసి పెడతా."

గవరయ్య కళ్ళు చిన్నవయ్యాయి. "నువ్వే కోసి పెడతావు."

"ఆఁ."

"నా కోసం."

"నీ కోసమే."

వాడు లేచి మడి దిగువకి నడిచాడు. కింది ఆరు సాళ్ళదీ వంక కొట్టుకొచ్చిన ఒండ్రుమట్టి. పై ఆరింటిదీ రాతినేల. కింద కాడలు ఎంత లావున్నాయో చూసుకుని వెనక్కొచ్చాడు.

"ఇవాళ జానెడున్నాయి. పది రోజులాగితే మూరెడవుతాయి. జానెడప్పుడే తెంపి నా ఆకులో పడేసి, మిగతాది నువ్వు పెంచుకుందామనా?"

"తెంపిన కాడ మళ్ళీ పెరగదు మరిదీ."

"పెరగదని నువ్వు చెప్పాలి, నేను నమ్మాలి. బాగుంది."

పక్కనే నెమరేస్తున్న ఎద్దు వైపు తిరిగింది నాంచారమ్మ. "పోలన్నా, నువ్వైనా చెప్పు."

"చెల్లి చెప్పింది నిజమే," అన్నాడు పోలన్న. "ముదిరిన కాడ నా పళ్ళకే లొంగదు."

"ఆవిడ పెట్టిన మేత మేసి ఆవిడ మాట కాక ఇంకెవరి మాట చెప్తావులే. వదినా, విను. కింది ఆరు సాళ్ళూ ఇప్పట్నించే నావి. అందులో ఒక్క కాడ తెగినా పందుల్ని పిలుస్తా."

"మంచి మట్టి మరిదీ, పాడుచేసుకోకు."

"నా మట్టి, నా ఇష్టం."

"తవ్వేనాడు మళ్ళీ మాట మారిస్తే ఒప్పుకోను. పోలన్న వింటున్నాడు."

"మార్చమని ఏడ్చేది నువ్వే," అన్నాడు గవరయ్య.

నాంచారమ్మ పై సాళ్ళన్నీ కోసుకుంది. కొన్ని వేపుడు చేసింది, కొన్ని పప్పులో వేసింది, మిగిలినవి ఉప్పూ చింతపండూ పట్టించి జాడీకెత్తింది. పిల్లలు వేళ్ళు చీక్కుంటూ తిన్నారు. రోజూ మధ్యాహ్నం గట్టు దాకా వెళ్ళి, "ఇవాళైనా కోసుకో మరిదీ, ముదిరిపోతున్నాయి," అని చెప్పి వచ్చేది. ఆమె చెప్పినకొద్దీ గవరయ్యకి అనుమానం బలపడేది. నాలుగోరోజున, "ఇదే ఆఖరు," అని కూడా చెప్పింది. వాడు పగలబడి నవ్వాడు.

మూడు వారాలకి గవరయ్య కాడలు నిటారుగా లేచాయి. మొగ్గలు పగిలాయి. ఇక చాలనుకుని కోయబోతే పన్ను కదిలింది. ఎలాగో మోపెడు విరిచి, పొద్దున్నే పొయ్యెక్కించి, ఎండ నడినెత్తికొచ్చేదాకా ఉడికించాడు. మూడుసార్లు నీళ్ళు ఇగిరిపోయాయి గానీ కాడ ఉడకలేదు. నమిలితే పీచు పళ్ళ సందుల్లో ఇరుక్కుంది.

ఆకులు పండాక మడి తవ్వారు. రాతినేలలో ఉన్న పై సాళ్ళలో గడ్డ పిడికెడేసి ఊరింది. కింద ఒండ్రుమట్టిలో గచ్చకాయంత గడ్డలు, మూరెడేసి కట్టెలు.

"మార్చుకుందాం వదినా," అన్నాడు గవరయ్య.

"మాటైపోయింది."

"నన్ను మోసం చేశావు."

"ఏ మాటలోనో చెప్పు."

పోలన్న ఆమె చెప్పిన మాటలన్నీ వరసగా అప్పజెప్పాడు, ఒక్కటీ మరిచిపోకుండా. గవరయ్య పంటి సందులో ఇంకా మిగిలిన పీచు లాక్కుంటూ విన్నాడు.

"నిజమే చెప్పావు. కానీ నువ్వు చెప్పేది నిజమని నాకెలా తెలుస్తుంది?"

"కోసి చూసుంటే తెలిసేది."

"పందుల్ని పిలుస్తా."

"పిలువు. నావి తవ్వేసుకున్నా, పందులొచ్చేలోగా గూట్లో ఉంటాయి. మడిలో మిగిలేది నీ సరుకే."

గవరయ్య కాస్త దూరం పోయి వెనక్కి తిరిగాడు.

"వచ్చే ఏడు చూస్తూ ఉండు. నువ్వేది చెబితే దానికి ఎదురు చేస్తా."

"అలాగే చెయ్యి మరిదీ," అంది నాంచారమ్మ, గడ్డలు జడలల్లుకుంటూ. "వచ్చే ఏడు కూడా నిజమే చెప్తా."

నీతి: అందర్నీ దొంగలనుకునేవాణ్ణి ఓడించడానికి అబద్ధం అక్కర్లేదు, నిజం చెబితే చాలు.